పల్లె దవాఖానల నుంచి వచ్చిన గుండె చప్పుళ్ళు వినుడు – నా అనుభవం

నేను నల్లగొండల ఫిజీషియన్‌ను. పొద్దంత ఓపీ ఉంటది, రాత్రి అన్నం తిన్నంక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకోని సబ్‌సెంటర్ల నుంచి వచ్చిన స్టెతస్కోప్ రికార్డింగులు వింట. దేవరకొండ, చందంపేట, నాంపల్లి, మర్రిగూడ దిక్కు కొన్ని సెంటర్లకు ఒక ట్రస్టోళ్ళు డిజిటల్ స్టెతస్కోపులు ఇచ్చిన్రు. అక్కడి సిస్టరో ఎంఎల్‌హెచ్‌పీనో (సబ్‌సెంటర్‌ల ఉండే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పేషెంట్ ఛాతీ మీద పెట్టి రికార్డ్ చేసి ట్యాబ్‌ల ఎక్కిస్తరు, నేను విని నాలుగు లైన్లు రాసి పంపుత. అచ్చంపేట దిక్కు ఇదే పని చేసే డాక్టర్ మా బ్యాచ్‌మేటే, మేమిద్దరం ఫోన్ల మాట్లాడుకుంటే సగం ముచ్చట దీని మీదనే. జూనియర్లు ఊకె అడుగుతున్నరు "మేడం పేషెంట్ ఎదురుంగ లేకుంట గుండె చప్పుడు విని ఏం చెప్తరు" అని, అందుకే ఒకసారి కూసోని రాస్తున్న. పేషెంట్లను గుర్తుపట్టకుండ వివరాలు మార్చిన.

ముందు హెడ్‌ఫోన్ సంగతి చెప్పాలె, ఎందుకంటే చాలమంది ఇక్కడ్నే ఆగిపోతరు. గుండె చప్పుళ్ళల్ల అసలు సరుకంత చానా కింది స్థాయిల ఉంటది, 150 హెర్ట్జ్ లోపలనే ఎక్కువ. ఫోన్ స్పీకర్‌గని ల్యాప్‌టాప్ స్పీకర్‌గని 200, 300 హెర్ట్జ్ కింద సరిగ్గ పలుకనే పలుకయి. అంటే ఫోన్ల పెట్టి వింటే మీకు గుండె వినవడదు, గుండె మీద ఉన్న గీకుడు, గాలి, మాటలు వినవడ్తయి. చెవి మొత్తం కప్పే వైరు హెడ్‌ఫోన్ కావాలె. బ్లూటూత్‌ది మధ్యల మళ్ళ కుదిస్తది, నాకు దాని మీద నమ్మకం లేదు. ఇంకోటి, కొందరు సిస్టర్లు యాప్ సతాయిస్తున్నదని స్టెతస్కోప్‌ను ఫోన్‌కాడ పెట్టి వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పంపేటోళ్ళు. అది మనిషి గొంతు కోసం చేసింది. వీడియో కాల్ అయితే ఇంకా అన్యాలం, ఊపిరి చప్పుడును అది ఫ్యాన్ గాలి అనుకోని తీసిపడేస్తది. అదీగాక పేషెంట్ గుండె చప్పుడు కూడ పేషెంట్ రికార్డే, ఎక్స్‌రే ఎట్లనో అదట్ల, ఏ గ్రూపులల్ల పడితే ఆ గ్రూపులల్ల తిరుగొద్దు. వాట్సాప్‌ల వచ్చినయి నేను వినను అని గట్టిగనే చెప్పిన, కొంచెం కోపానికి వచ్చిన్రు, తర్వాత అలవాటైంది.

ఇగ అసలు ముచ్చట. ఈ పనిల నా చెవికంటె సిస్టర్ చెయ్యి ముఖ్యం. ఇది నాకు మొదటి వారాలల్లనే సమజైంది. రికార్డింగ్‌ల గుండె మంచిగ వినవడ్డదంటే అక్కడ ఎవరో ఫ్యాన్ బంద్ చేసిన్రు, కిటికీ మూసిన్రు, పేషెంట్‌ను మాట్లాడకుంట ఉంచిన్రు, రవికె మీద కాదు ఒంటి మీద పెట్టిన్రు, పెట్టినంక చెయ్యి కదపలే. ఇందుల ఏ ఒక్కటి తప్పినా నా డిగ్రీ పనికిరాదు. బట్ట మీద పెట్టుడు మాత్రం పెద్ద గోస. మగ హెల్త్ అసిస్టెంట్ ఉన్న సెంటర్ల నుంచి వచ్చే ఆడోళ్ళ రికార్డింగులు చానావరకు చీర మీది నుంచే వస్తయి, సరసర చప్పుడు తోటి. దాంట్ల ఆయన తప్పేం లేదు. అసలు 1816ల ప్యారిస్‌ల లెనెక్ అనే డాక్టర్ కాయితం గొట్టం చుట్టి విన్నదే ఇందుకు, ఆడపేషెంట్ ఛాతీ మీద చెవి పెట్టుడు ఆయనకు మొహమాటం అయింది గనుక. రెండు వందల ఏండ్ల తర్వాత అదే మొహమాటం రికార్డింగ్‌ల కొస్తున్నది. ఆశ వర్కర్‌ను పక్కన నిలవెట్టుకోని, స్టెతస్కోప్‌ల ఛాతీ మీద పెట్టే బిళ్ళను పేషెంట్ చేతికే ఇచ్చి కొంగు కిందికెల్లి పెట్టుకొమ్మని, ఎక్కడ పెట్టాల్నో చెప్పుకుంట రికార్డ్ చేసుడు అలవాటు చేసినం. ఇప్పుడు నయ్యం.

ఎడమ కుడి కూడ తారుమారైతయి. సిస్టర్ ఎదురుంగ నిల్చుంటది కాబట్కి ఆమె ఎడమ చెయ్యి దిక్కు పేషెంట్‌కు కుడి. ట్యాబ్‌ల "అపెక్స్" (గుండె కింది కొస చప్పుడు వినే జాగా) అని గుర్తు ఉంటది, గుండె చప్పుడేమో దూరంగ, మబ్బు మబ్బుగ వస్తది, నేను ఇదేంది గుండె చుట్టు నీళ్ళున్నయా అని పరేషాన్. దానికి మా బ్యాచ్‌మేట్ ఒక ఉపాయం చెప్పింది: రికార్డ్ మొదలుపెట్టంగనే సిస్టర్ పాయింట్ నంబరు, జాగా నోటితోటి చెప్పాలె, "నాలుగు, ఎడమ రొమ్ము కింద" అని, చెప్పినంక ఊకోవాలె. బొమ్మ మీద నొక్కిన గుర్తు తప్పు పడొచ్చు గని నోటితోటి చెప్పేటప్పుడు మనిషి ఒకసారి ఆగి చూసుకుంటది. అప్పట్నుంచి తారుమారు చానా తగ్గింది.

నేను వినే పద్ధతి ఏందంటే, మొదటిసారి ఏం చదవకుంట వింట. వయసు, రోగం, బీపీ ఏం చూడ. రెండోసారి కేస్ షీట్ చదివి వింట. ముందే "ఆయాసం, కాళ్ళ వాపు" అని చదివితే చెవి తనంతట తనే మూడో చప్పుడు (లబ్, డబ్ అనే రెండూ కాక గుండె ఫెయిలైనోళ్ళకు వచ్చే ఇంకోటి) వెతుక్కుంటది, లేకున్నా వినవడ్డట్టే ఉంటది. యాప్‌ల ఒక సాఫ్ట్‌వేర్ కూడ ఉన్నది, మర్మర్, అంటే గుండెల రక్తం సుడి తిరిగితే వచ్చే చప్పుడు, అనుమానం ఉంటే ఎర్ర గుర్తు పెడ్తది. దాన్ని కూడ నేను విన్నంకనే చూస్త. అది పనికిరాదని కాదు, అలిసిపోయి ఉన్నప్పుడు ఒకటి రెండు సార్లు నన్ను మళ్ళ వినిపిచ్చింది. గని దానికి బోరు మోటర్ కూడ మర్మరే, కడుపుల గుడగుడ కూడ మర్మరే. ఎర్ర గుర్తు ముందే చూసినోనికి ఆ మోటర్ కూడ మర్మర్ లెక్కనే వినవడ్తది, అదీ భయం. వరుసగ చానా విన్నంక అన్నీ ఒక్కతీరుగనే వినవడే టైమొస్తది, అప్పుడు మంచిగున్న ఒక పాత రికార్డింగ్ పెట్టుకోని విని మళ్ళ మొదలుపెడ్త, చెవి సరైతది.

ఊపిరితిత్తుల రికార్డింగులల్ల ఎక్కువ మోసం చేసేది వెంట్రుకలు. సన్న క్రెప్స్, అంటే ఊపిరితిత్తులల్ల నుంచి వచ్చే పరపర చప్పుళ్ళు, ఎట్లుంటయంటే చెవికాడ వెంట్రుకలు వేళ్ళతోటి రుద్దినట్టు అని మనం స్టూడెంట్లప్పుడు చదువుకున్నం గద, ఇక్కడ నిజంగ వెంట్రుకలే. నాంపల్లి దిక్కు నుంచి ఒక రైతు, వీపు నిండ వెంట్రుకలు, రెండు దిక్కుల కింద పరపర అని ఒకటే క్రెప్స్. లంగ్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చలు పట్టి గట్టిపడుడు) అని రాసేటట్టే ఉన్నది. అయితే జాగ్రత్తగ వింటే అవి ఊపిరి తోటి కలుస్తలేవు. ఊపిరి పీల్చేటప్పుడు ఉన్నయి, ఇడిసేటప్పుడు ఉన్నయి, మధ్యల ఊపిరి ఆగినప్పుడు కూడ ఒకటి రెండున్నయి. ఊపిరి ఆగినా వస్తున్నదంటే అది లోపలిది కాదు. సిస్టర్‌కు చెప్పిన, నీళ్ళ తోటి తడిచేసి, గట్టిగ ఒత్తిపెట్టి మళ్ళ తియ్యి అని. రెండో రికార్డింగ్‌ల సాఫు. ఇంకో మాట కూడ ఊకె చెప్త: క్రెప్స్ వినవడితే ఒక్కసారి గట్టిగ దగ్గుమని మళ్ళ రికార్డ్ చేయుండ్రి. తెమడ అయితే దగ్గినంక జరుగుతది, మారుతది. గుండె ఫెయిలై నీరు పట్టిందైతే దగ్గినా అట్లనే ఉంటది. రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టుకోని వినుడు ఓపీల దొరకని సుఖం, ఓపీల అంత టైమేడిది.

ఇగ చందంపేట దిక్కు తండా ఆమె సంగతి చెప్త. ఆరో నెల కడుపు. నడిస్తే ఆయాసం, రాత్రి పండుకుంటే దగ్గు, లేచి కూసుంటే నిమ్మలం. హిమోగ్లోబిన్ తొమ్మిది చిల్లర. కడుపుతోటి ఉన్నోళ్ళకు ఆయాసం ఉంటదనీ, రక్తం తక్కువున్నదనీ ఐరన్ గోలీలు ఇచ్చి పంపిన్రు ఎక్కడ్నో. మొదటి రికార్డింగ్‌ల నాకు గుండె కంటె గలగల ఎక్కువ వినవడ్డది. రవికెకు అద్దాలు, మెడల రూపాయి బిళ్ళలు, మోచేతుల దాక గాజులు, ఊపిరి తీసుకున్నప్పుడల్ల అన్ని మోగుతున్నయి. అయినా ఆ గలగల నడుమ మొదటి చప్పుడు మామూలు కంటె గట్టిగ, టక్కుమని వస్తున్నది. రక్తం తక్కువున్నోళ్ళకు కూడ గట్టిగ రావొచ్చు. గని రెండో చప్పుడు వెనుకనే ఇంకో చిన్న చప్పుడు ఉన్నట్టు అనిపిస్తున్నది, ఉన్నదో అద్దమో తెల్వది.

గుండె వేగం 110 దాక ఉన్నది. అంత వేగంల రెండు చప్పుళ్ళ నడుమ ఖాళీలు రెండూ సమానమైతయి, ఏది మొదటిది ఏది రెండోది అనేదే పంచాయితి. పేషెంట్ ఎదురుంగ ఉంటే మెడ నరం మీద వేలు పెట్టి చూస్తం. ఇక్కడ వేలు పెట్టడానికి మెడ లేదు. ఈసీజీ కూడ కలిపి తీసే స్టెతస్కోపులు ఉన్నయి, మాకు ఇచ్చినయి అవి కావు. అందుకని పైన, రొమ్ము ఎముక పక్కన రెండో పాయింట్‌ల తీసిన రికార్డింగ్ ముందు వింట, అక్కడ రెండో చప్పుడు గట్టిగ ఉంటది, ఆ తాళం పట్టుకోని పాయింట్ పాయింట్ కిందికి దిగుత.

తెల్లారి మళ్ళ తియ్యమని రాసిన: బిళ్ళల హారం తీపియ్యుండ్రి, బెల్ మోడ్ (కింది స్థాయి చప్పుళ్ళు పట్టేది) పెట్టుండ్రి, ఆమెను రూంలనే కొంచెం అటూ ఇటూ నడిపిచ్చి వెంటనే ఎడమ పక్కకు ఒరిగిచ్చి పండవెట్టి అపెక్స్‌ల తియ్యుండ్రి, మెల్లగ పెట్టాలె, ఒత్తద్దు. ఆ సిస్టర్‌ది కూడ తండానే, లంబాడి భాషల నచ్చజెప్పి హారం తీపిచ్చింది, నేను చెప్తే తీసేది కాదు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గర పాఠం చెప్పనీకి ఉన్నది, ఆమె సంతకం తీసుకొనే పెట్టుకున్న, పేరు లేకుంట. టక్, దుబ్, దాని వెంట చిన్న టిక్, ఆ వెనుకనే గుర్ర్ అని లోతుల నుంచి. ల్యాప్‌టాప్ స్పీకర్‌ల పెడితే ఆ గుర్ర్ అసలు లేనే లేదు, హెడ్‌ఫోన్‌ల పెడితే నిండుగ ఉన్నది. సిస్టోల్‌ల, అంటే గుండె ముడుచుకున్నప్పుడు, వచ్చే మర్మర్ రక్తం తక్కువున్నా వస్తది, కడుపుతోటి ఉన్నా వస్తది, ఊకోవచ్చు. డయాస్టోల్‌ల, అంటే గుండె వదులైనప్పుడు, వచ్చేదాన్ని ఊకోవడానికి లేదు. ఎకోల, అంటే గుండె స్కానింగ్‌ల, మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమ దిక్కు వాల్వ్ సన్నబడుడు) అని తేలింది. చిన్నప్పుడు మోకాళ్ళు వాసి జ్వరం వచ్చి బడి బంద్ అయిందట, అది అడిగినంకనే చెప్పింది. రుమాటిక్ జ్వరం అప్పుడే వాల్వ్‌ను పట్టింది, ఇన్నేండ్లు ఊకున్నది. కడుపుతోటి ఉన్నప్పుడు ఒంట్ల రక్తం దాదాపు సగం దాక పెరిగేసరికి, గుండె వేగం పెరిగేసరికి, సన్నబడ్డ వాల్వ్‌ల నుంచి రక్తం దిగడానికి టైం సరిపోక ఊపిరితిత్తులల్ల నిలుస్తున్నది. గుండె వేగం తగ్గే మందు, నీరు దిగే మందు ఇచ్చి హైదరాబాద్ పంపినం, అక్కడ్నే కాన్పయింది, ఇద్దరూ మంచిగున్నరు. ఇప్పుడు ఆ జ్వరం మళ్ళ రాకుంట మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది అదే సబ్‌సెంటర్‌ల ఏపిచ్చుకుంటది.

ఇది మంచిగైన కథ కాబట్కి చెప్పబుద్ధయితది. చెప్పరానివి ఎక్కువుంటయి. మర్రిగూడ దిక్కు పెద్దమనుషుల రికార్డింగులు వింటే ఊపిరి చప్పుడు రెండు దిక్కుల సన్నగ, అంతంత మాత్రంగ వస్తది. ఉత్త రికార్డింగ్ విని అయితే బీడీలు తాగి ఊపిరితిత్తులు ఉబ్బినయి అనుకుంటం. ఒకాయనది అట్లనే వచ్చింది, సిస్టర్‌ను పక్కకెల్లి ఒక ఫోటో పంపమన్న. నడుము వంగి, మెడ తిరగక, పక్కటెముకలు కట్టె లెక్క బిగుసుకపోయి ఉన్నయి. ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు అంటరు, ఆ ఊర్ల బోరు నీళ్ళల్ల అంతకు ఎన్నో రెట్లు ఉండె. ఇప్పుడు నల్లాల కృష్ణా నీళ్ళు వస్తున్నయి గని ఆయన ఎముకలల్ల చేరింది ఎటు పోతది. ఛాతీ లేస్తనే లేదు, గాలి లోపలికి పోతనే లేదు, చప్పుడు ఏడికెల్లి వస్తది? అందుల ముందుకు వంగి ఊపిరి ఇడిసి ఆపు తాతా, అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం పోయే కాడ ఉండేది) వినాలె అంటే ఆయన వంగేదెట్ల, ఒంగినోడు ఇంక వంగడు. ఫోటో రాకముందు నేను ఏం రాసినా గాలిల రాసినట్టే. అప్పట్నుంచి ముసలోళ్ళవి అయితే పక్కకెల్లి ఫోటో తప్పకుంట అడుగుత, ఒప్పుకుంటేనే.

షాద్‌నగర్ దిక్కు పలుగురాయి మిల్లులల్ల పనిచేసి వచ్చినోళ్ళవి ఇంకో తీరు. ఆయాసం, దగ్గు, బరువు తగ్గుడు అన్నీ ఉంటయి, రికార్డింగ్ వింటే శుభ్రంగ ఉంటది. సిలికోసిస్ (రాతి దుమ్ము ఊపిరితిత్తులకు పట్టే రోగం) స్టెతస్కోప్‌కు దొరకాలని లేదు, దానికి ఎక్స్‌రే కావాలె, తెమడ పరీక్ష కావాలె, ఎందుకంటే ఆ దుమ్ము పట్టినోళ్ళకు టీబీ తొందరగ వస్తది. "రికార్డింగ్ నార్మల్" అని రాస్తే ఆయన సంతోషంగ ఇంటికి పోతడు. అందుకే నార్మల్ అనే మాట నేను ఒంటరిగ రాయను, "చప్పుళ్ళు మంచిగనే ఉన్నయి, అయినా ఎక్స్‌రే తీపియ్యాలె" అని ఒకే లైన్ల రాస్త. రెండు లైన్లు చేస్తే మొదటి లైనే చదివి పంపేస్తరు.

మర్మర్‌కు గ్రేడ్ ఇయ్యమని అడుగుతరు, ఆరుల ఎంత అని. నేను ఇయ్యను. వాల్యూమ్ పెంచితే రెండో గ్రేడ్ నాలుగైతది. అసలు నాలుగో గ్రేడ్ అంటే అరచేతికి జలజల తగలాలె, నా చెయ్యి నల్లగొండల ఉన్నది, పేషెంట్ చందంపేటల ఉన్నడు. సిస్టర్‌నే అరచెయ్యి పెట్టి చూడుమంట, తగిలిందో లేదో రాయమంట. బడిపిల్లలల్ల ఇది మరీ ఇబ్బంది. పిల్లల ఛాతీ పలుచన, మిషిన్ మళ్ళ పెంచి వినిపిస్తది, ఏ తప్పు లేని మర్మర్ కూడ పెద్దగ వస్తది, ఎర్ర గుర్తు పడ్తది, తల్లి ఏడుస్తది. పండవెట్టి ఒకటి, నిలవెట్టి ఒకటి తియ్యమంట. నిలవెట్టంగనే తగ్గిపోయేది, బిడ్డ మంచిగ ఆడుకుంటున్నది, ఎదుగుతున్నది, ఆక్సిజన్ సరిగ్గున్నదంటే చానావరకు భయం లేదు. అయినా ఒక్కసారి ఎదురుంగ చూడాలె.

ఇంకో ముచ్చట, రికార్డింగులల్ల మాటలు కూడ వస్తయి. సిస్టర్ "అవ్వా మాట్లాడకు, నోరు తెరిచి దమ్ము తీస్కో" అంటది, అవ్వ ఊకోదు. బొంబాయి పోయిన కొడుకు ముచ్చట, పింఛన్ ముచ్చట, "గా మిషిన్‌ల నుంచి పట్నం డాక్టరమ్మకు నేను అన్నది వినవడ్తదా బిడ్డా" అని ఒకామె. వినవడ్డది. నాకు పాయింట్ నాలుగు మొత్తం పోయింది గని ఆమె ఒక్క గుక్కల ఎన్ని మాటలు అంటున్నదో వింటే ఆయాసం ఎంతున్నదో తెలిసింది, నాలుగు మాటలకు ఒకసారి ఆగుతున్నది. అది కేస్ షీట్‌ల రాసుకున్న. మాటలు వచ్చినయి వేరేటోళ్ళకు వినిపియ్యం, పాఠానికి అసలు వాడం.

సిస్టర్లకు జవాబు రాసేటప్పుడు రోగం పేరు ఒక్కటే రాస్తే లాభం లేదు. ఈ రికార్డింగ్‌ల ఏం మంచిగున్నది, ఏం చెడింది, మళ్ళ తియ్యాలంటే ఎట్ల, అది కూడ రాయాలె. నేను ఎక్కువసార్లు రాసే జవాబు "సరిపోదు, మళ్ళ తియ్యుండ్రి, ఇట్ల తియ్యుండ్రి". మొదట్ల మేడం ఊకె తిప్పి పంపుతది అని అనుకున్నరు. తండా సిస్టర్ అయితే ఇప్పుడు పంపేటప్పుడే రాస్తది, "మేడం అపెక్స్‌ల ఏదో ఉన్నట్టున్నది, పక్కకు ఒరిగిచ్చి కూడ తీసిన". చానాసార్లు నిజంగనే ఉంటది.

ఇప్పుడు నాకున్న అసలు కష్టం చెవిది కాదు, ఎకోది. రికార్డింగ్ నిమిషాలల్ల వస్తది, నేను రాత్రికి చెప్త. ఎకో తీపిచ్చుకోవాలంటే ఒకరోజు కూలి పోవాలె, బస్సు కిరాయి కావాలె, వెంట ఒకలు రావాలె, వచ్చినంక ఆ రోజు ఎకో చేసే డాక్టర్ ఉండాలె. ఫోన్ చేసి తారీఖు ఇప్పిస్తున్న, తొందరున్నోళ్ళకైతే అదే రోజు చేపిస్తున్న. అయినా దేవరకొండ అవతల ఒకాయన, మెడ దాక పాకే మర్మర్, అయోర్టిక్ వాల్వ్ సన్నబడ్డట్టే ఉన్నది, బాయికాడ ఒకసారి కళ్ళు తిరిగి పడ్డడట కూడ, రెండుసార్లు తారీఖు ఇప్పిచ్చిన, రాలే. పత్తి ఏరుడు అయిపోయినంక పోతా అన్నడట. పత్తి మూటలు మోయద్దని సిస్టర్‌తోటి చెప్పిపిచ్చిన, భార్యకు కూడ చెప్పిపిచ్చిన, సోమవారం ఆశమ్మను వెంట పెట్టి బస్సెక్కిస్తా అని సిస్టర్ అన్నది.